బల్బు వెలిగితేనే సుర్ పలుకుతుందా?

బల్బు ఉన్నదే అస్లీ, మిగతావన్నీ నఖ్లీ. ఎలక్ట్రిక్ గిటార్ వాయించే కుర్రాళ్లు నలుగురు కూర్చున్న చోట యూని-వైబ్ అనే పెడల్ మాటెత్తి చూడండి. చాయ్ చల్లారేలోపు ఈ ఫైసలా వచ్చేస్తుంది. ఎదురు చెప్పినవాడికి చెవులు లేవంటారు. "హెండ్రిక్స్‌ని వినలేదా భాయ్?" అని అడుగుతారు. విన్నాను. ముప్పై ఏళ్లుగా వింటూనే ఉన్నాను. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో పదేళ్లకు పైగా గిటార్ వాయించి, ఆ కమాయీతో ఇల్లు గడిపినవాణ్ని కూడా. నా రాయ్ ఏమిటంటే, ఆ ఫైసలాలో సగం సచ్చాయీ ఉంది. కాకపోతే ఆ సగం కోసం ఇంట్లో సామాను అమ్ముకోవాల్సిన జరూరత్ లేదు.

సామాను అమ్ముకోవడం అని ఊరికే అనలేదు. మా బడే భాయి కొడుకు హైదరాబాద్‌లో ఒక పార్టీలో గిటార్ వాయిస్తాడు. పెళ్లిళ్లకీ, వలీమాలకీ 'సూఫీ నైట్' అని పెట్టుకుంటున్నారు కదా, అలాంటి ప్రోగ్రాములు నెలకి నాలుగైదు దొరుకుతాయి. వాడి మనసు ఒక బల్బు పెడల్ మీద పడింది. బయటి దేశంలో ఎవరో చేత్తో కట్టేది. కస్టమ్స్, కొరియర్ అన్నీ కలిపితే ముప్పై వేలు దాటుతుంది. వాడి దగ్గర ఉన్నది పన్నెండు వేలు. మిగతాదానికి మా అబ్బా హార్మోనియం మీద వాడి నజర్ పడింది. "ఎవరూ వాయించడం లేదు కదా చాచా, అల్మారా పైన ధూళి తింటోంది" అన్నాడు. భాభీ ఫోన్ చేసి, "మీరైనా చెప్పండి భాయ్, నా మాట వాడి చెవికెక్కదు" అన్నది. బడే భాయ్ అయితే మొత్తం పెడల్ అనేదే ఒక ఖిలోనా అని, ముప్పై వేలు పెట్టి కాలితో తొక్కే డబ్బా కొనేవాణ్ని ఎక్కడా చూడలేదని కోపం మీద ఉన్నాడు. ఈ బహస్ మా ఒక్క ఇంట్లోదే కాదనిపించి రాస్తున్నాను.

ముందు బడే భాయికి జవాబు. అది ఖిలోనా కాదు. చిన్నప్పుడు టేబుల్ ఫ్యాన్ ముందు మొహం పెట్టి "ఆఁ" అని గొంతెత్తని వాళ్లు మనలో ఎవరున్నారు? మన గొంతే, కానీ ఫ్యాన్ రెక్కలు దాన్ని కోసి కోసి అలలుగా తిప్పి పంపుతాయి. ఉన్న సుర్‌ని అలా ఒక వరసలో కదిలించడాన్నే మాడ్యులేషన్ అంటారు. గొంతు పెంచి తగ్గిస్తే ట్రెమొలో. సుర్‌నే కాస్త పైకీ కిందకీ ఊపితే వైబ్రాటో. మన ఉస్తాద్‌లు గమకంలో, ఆందోళన్‌లో గొంతుతో చేసే పనికి ఇది దూరపు రిష్తేదార్. అబ్బా హార్మోనియం ముందున్న నాబుల్లో ఒకటి లాగితే తిత్తి గాలికి ఒక రేకు అడ్డం పడి ఆడుతుంది, ఆవాజ్ వణుకుతుంది. ట్రెమొలో నాబ్ అది. అంటే మాడ్యులేషన్ మన ఇంట్లోకి పెడల్‌తో రాలేదు బడే భాయ్, అబ్బా కాలంలోనే అల్మారా ఎక్కి కూర్చుంది.

ఇక కుర్రాళ్ల సంగతి. వాళ్లు జాన్ ఇచ్చే ఈ యూని-వైబ్ ఎక్కడ పుట్టిందో చెబితే మన పెద్దవాళ్లకి కూడా మజా వస్తుంది. 1960ల చివర్లో జపాన్‌లో ఫుమియో మియెదా అనే ఇంజనీరు దీన్ని తయారు చేశాడు. మొదట హనీ అనే కంపెనీ పేరు మీద వచ్చింది. ఆ కంపెనీ దివాళా తీశాక షిన్-ఎయ్ అనే కంపెనీ చేసేది, అమెరికాలో యూనికార్డ్ వాళ్లు యూనివాక్స్ ముద్ర వేసి అమ్మేవారు. చాలామంది వాయించేవాళ్లు దీన్ని లెస్లీ స్పీకర్‌కి నఖల్ అంటారు. లెస్లీ అంటే చర్చి ఆర్గన్లకీ, జాజ్ ఆర్గన్లకీ పెట్టే పెద్ద చెక్క పెట్టె. లోపల స్పీకర్ ముందు భోంగా గిరగిరా తిరుగుతుంది. పోలిక ఉన్నమాట నిజమే. కానీ మియెదా తరువాతి రోజుల్లో చెప్పిన మాట వేరు. ఆయనకి ఖయాల్ వచ్చింది రేడియో వింటుంటే. మాస్కో నుంచి వచ్చే షార్ట్‌వేవ్ ప్రసారం ఆకాశంలో ఊగి, పలచబడి, మళ్లీ నిండి వస్తుంటే ఆ ఊపునే ఒక సర్క్యూట్‌లో పట్టాలనుకున్నాడట.

ఆ ఆవాజ్ మన ఇళ్లల్లో యాభై దాటినవాళ్లకి పరిచయం చెయ్యాల్సిన పని లేదు. బీబీసీ ఉర్దూ ఖబర్లు, రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా. అబ్బా రేడియో చెవి మెలిపెడుతూ ఉండేవాడు, అమీన్ సాయానీ గొంతు ఒకసారి గదిలో పక్కనే కూర్చున్నట్టు ఉండేది, ఇంకోసారి బావిలోంచి పిలుస్తున్నట్టు ఉండేది. స్టేషన్ జారిపోయిందని తిట్టుకునేవాళ్లం. జారింది స్టేషన్ కాదు. షార్ట్‌వేవ్ తరంగం ఆకాశం పైపొరలకి తగిలి వెనక్కి వస్తుంది. ఒకే దారిలో రాదు. రెండు మూడు దారుల్లో, కాస్త ముందూ వెనకా వస్తుంది. ఒక దాని ఎత్తు మీద ఇంకోదాని పల్లం పడిన చోట రెండూ కలిసి ఖామోష్ అయిపోతాయి. ఆకాశంలో పొరలు కదులుతూ ఉంటాయి కాబట్టి ఆ ఖామోషీ కూడా ఆవాజ్ లోపల కింది నుంచి పైకి, పైనుంచి కిందికి పాకుతూ ఉంటుంది. మనం విన్న ఆ ఊపు అదే.

పెడల్ లోపల జరిగేది కూడా ఇదే తమాషా. గిటార్ నుంచి వచ్చిన ఆవాజ్‌ని రెండు పాయలు చేస్తారు. ఒకటి సీదాగా పోతుంది. రెండోది నాలుగు మెట్లు దాటుతుంది, ఒక్కో మెట్టు దగ్గర తరంగం కాస్త కాస్త వెనకబడుతుంది. చివర్లో రెండు పాయలూ కలుస్తాయి. ఎంత వెనకబడాలో ఆ నాలుగు మెట్ల దగ్గరున్న నాలుగు ఫోటోసెల్స్ చెబుతాయి. వెలుతురు పడితే కరెంటుకి దారి ఇచ్చి, చీకట్లో అడ్డం కూర్చునే చిన్న బిళ్లలవి. వాటి నడుమ ఒక చిన్న బల్బు. అది నెమ్మదిగా వెలుగుతూ ఆరుతూ ఉంటే నాలుగు మెట్లూ దానితోపాటు కదులుతాయి. డబ్బా మూత తీస్తే లోపల గుండె కొట్టుకున్నట్టు ఆ బల్బు కనిపిస్తుంది. కుర్రాళ్ల దిల్ అక్కడే పోయింది. వాళ్లని తప్పు పట్టలేను, చూడ్డానికి నిజంగా ఖూబ్‌సూరత్‌గానే ఉంటుంది.

బల్బు పక్షం వాళ్ల సచ్చాయీ ఎంతో ఇప్పుడు చెబుతాను. బల్బు ఫిలమెంటు వేడెక్కడానికీ చల్లారడానికీ టైమ్ తీసుకుంటుంది. ఫోటోసెల్ వెలుతురుకి తొందరగా లొంగుతుంది, చీకటికి నెమ్మదిగా అలవాటు పడుతుంది. ఇద్దరూ కలిసేసరికి ఊపు సమానంగా ఉండదు, కుంటుతుంది. పైకి ఒక నడక, కిందికి ఇంకో నడక. పైగా మియెదా ఆ నాలుగు మెట్లలో నాలుగు వేర్వేరు విలువల కెపాసిటర్లు పెట్టాడు. 1974లో వచ్చిన ఎమ్‌ఎక్స్‌ఆర్ ఫేజ్ 90, నారింజ రంగు డబ్బా, ఒకే ఒక నాబ్, అందులోనూ మెట్లు నాలుగే. కానీ నాలుగూ ఒకే కొలత. అందుకే ఫేజ్ 90 ఊపు నీళ్లు జారినట్టు సాఫ్‌గా ఉంటుంది, వైబ్ ఊపు ఊపిరి తీసినట్టు ఉంటుంది. ఈ ఫరక్ చెవికి తెలుస్తుంది. తెలియదనేవాళ్లతో నేను ఏకీభవించను.

మరి ఆ ఊపిరి బల్బుదేనా? కెపాసిటర్ల వరస బల్బు సొమ్ము కాదు కదా. కుంటి నడకని బల్బు లేకుండా కూడా గీయొచ్చు. ఈ మాట నేను అంటే కుర్రాళ్లు నవ్వుతారు, కానీ అన్నది నేను కాదు, మియెదానే. ఆయన తరువాత కోర్గ్ కంపెనీకి వెళ్లి 1978లో ఎమ్‌ఎస్-20 సింథసైజర్ చేసినవాడు. ఎన్నో ఏళ్ల తరువాత అదే కోర్గ్ నుంచి, ఆయన చెయ్యి ఉండి వచ్చిన నువైబ్ పెడల్‌లో బల్బూ ఫోటోసెల్స్ చేసే పనిని మామూలు విడిభాగాలతో చేయించారు. ఊపు ఆకారాన్ని వేళ్లతో మలుచుకోవడానికి స్లైడర్ల వరస కూడా పెట్టారు. కనిపెట్టిన ఉస్తాదే బల్బు వదిలేస్తే, షాగిర్ద్‌లు దాన్ని పట్టుకుని వేలాడటం నాకైతే అర్థం కాదు.

వేలాడటానికి ఒక వజహ్ ఉంది, అదీ చెప్పాలి. ఈ పెడల్ గురించి వాయించేవాళ్ల రాయ్‌లు నూటికి తొంభై ముగ్గురు నలుగురు మనుషుల రికార్డుల చుట్టూ తిరుగుతాయి. జిమీ హెండ్రిక్స్ 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్‌లో దీన్ని తొక్కాడు. 1970 జనవరి 1న న్యూయార్క్ ఫిల్మోర్ ఈస్ట్‌లో 'మెషీన్ గన్' వాయించాడు. యుద్ధం మీద పాట. గిటార్‌లోంచి తుపాకులూ, ఏడుపులూ, హెలికాప్టర్ రెక్కలూ వినబడతాయి. ఆ రెక్కలు వైబ్ నుంచి వచ్చినవే. 1973లో పింక్ ఫ్లాయిడ్ డేవిడ్ గిల్మర్ 'బ్రీద్' పాటలో దీన్ని వాడాడు, 1974లో రాబిన్ ట్రోవర్ 'బ్రిడ్జ్ ఆఫ్ సైస్'లో వాడాడు. ఇక ఏ కొత్త పెడల్ వచ్చినా అడిగేది ఒకటే సవాల్: అది ఆ రికార్డులా ఉందా లేదా? పెడల్‌ని తూచడం కాదిది, నఖల్ ఎంత దగ్గరగా వచ్చిందో తూచడం. హెండ్రిక్స్ చేతులూ, మార్షల్ యాంపులూ, నిండు హాలూ, ముందున్న ఫజ్ పెడలూ అన్నీ పక్కకి పెట్టి, ఆ రికార్డులోని రూహ్ మొత్తం ఒక బల్బు ఖాతాలో రాసేస్తున్నారు.

వీడియోల్లో చూడండి. ఒక గది, ఒక గిటార్, ఎదురుగా ఇంకెవరూ ఉండరు. నెమ్మదిగా ఒక కార్డ్ వాయించి, అది మోగుతుండగా నాబ్ తిప్పి, కళ్లు మూసుకుంటారు. ఆ ఒంటరి గదిలో వాళ్లు చెప్పింది ఝూట్ కాదు. అమెరికాలో, ఇంగ్లండ్‌లో ముగ్గురు మనుషుల బ్లూస్ బ్యాండ్‌లో వాయించేవాడికి ఆ రాయ్ పనికొస్తుంది కూడా, అక్కడ గిటార్ పక్కన ఖాళీ చాలా ఉంటుంది. మనవాడు వాయించేది అలాంటి చోటా? ఇద్దరు పాడేవాళ్లు, హార్మోనియం, ఢోలక్, తబలా, నలుగురి చప్పట్లు, కీబోర్డు, ఆపైన బిర్యానీ ప్లేట్ల చప్పుడు. ఫంక్షన్ హాలు గోడలు వాటికవే సగం మాడ్యులేషన్ చేసి పెడతాయి.

అందుకని ఒక ఆదివారం ఇంట్లోనే చూశాం. వాడి దోస్త్ దగ్గర బల్బు పెడల్ ఒకటి ఉంటే అడిగి తెచ్చాడు. నా దగ్గర పాత ఫేజర్ ఉంది. మూడోది డిజిటల్ డబ్బా, ఇరవై రకాల మాడ్యులేషన్లు ఉన్నది, అందులో ఒకటి వైబ్. వాణ్ని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి నేను వాయించాను. ఒక్క గిటార్ మాత్రమే వాయించినప్పుడు బల్బుది ఏదో ప్రతిసారీ చెప్పేశాడు. శభాష్ అన్నాను. తరువాత ఫోన్‌లోంచి వాళ్ల ప్రోగ్రాం రికార్డింగ్ స్పీకర్‌లో పెట్టి, ఢోలక్ మీద అదే వాయించాను. ఫేజర్‌ని ఇప్పుడూ పట్టేశాడు. బల్బుదీ డిజిటల్‌దీ మాత్రం అటూ ఇటూ అయిపోయాయి. నాలుగోసారి అయితే డిజిటల్ విని "ఇదే చాచా, ఈ ఊపిరి చూడు" అన్నాడు. భాభీ వంటింట్లోంచి, "నాకు మూడూ రేడియో పాడైనట్టే ఉన్నాయి" అన్నది. మియెదా వింటే ఖుష్ అయ్యేవాడు. మూడు పెడళ్లు, ఒక గది, ఒక కుర్రాడు: దీన్ని సైన్సు అనను. కానీ ముప్పై వేలు ఖర్చు పెట్టేముందు ప్రతి ఒక్కరూ ఇంత పని చేయొచ్చు. కళ్లు తెరిచి విన్నప్పుడు బల్బు కూడా వినబడుతుంది, అదే చిక్కు.

బల్బు కన్నా నాకు ముఖ్యమనిపించే సంగతి ఇంకోటి ఉంది, దాని గురించి ఎవరూ నోరు మెదపరు. పాత యూని-వైబ్‌కి ఊపు వేగం డబ్బా మీద ఉండేది కాదు. విడిగా ఒక కాలి పెడల్ ఉండేది. హార్మోనియం పెడల్‌లా తొక్కుతూ వేగం పెంచొచ్చు, తగ్గించొచ్చు. డబ్బా మీద వాల్యూము, ఎంత గాఢంగా ఊపాలో చెప్పే ఇంటెన్సిటీ, కోరస్-వైబ్రాటో స్విచ్, అంతే. ఇప్పుడు వచ్చేవాటిలో చాలావాటికి ఆ కాలి పెడల్ ఉండదు, వేగానికి ఒక నాబ్ పెట్టి వదిలేస్తారు. వంగి చేత్తో తిప్పుకోవాలి. కుర్చీలో కూర్చుని వీడియో చేసేవాడికి అది తక్లీఫ్ కాదు. ఖవ్వాలీ వాయించేవాడికి మాత్రం ప్రాణం మీదికొస్తుంది.

ఎందుకో చెబుతాను. ఖవ్వాలీ ఒక లయలో మొదలై అదే లయలో ఆగదు. ఆలాప్ నెమ్మదిగా, తరువాత ఢోలక్ అందుకుంటుంది, చప్పట్లు కలుస్తాయి, ఒకే మాట తిరిగి తిరిగి వచ్చేకొద్దీ పాట ఎక్కుతూ పోతుంది. కహర్వా ఎనిమిది మాత్రలు. నిమిషానికి 120 దెబ్బల చొప్పున నడుస్తుందనుకోండి, సెకనుకి రెండు. వైబ్ ఊపుని నాలుగు దెబ్బలకి ఒకటి చేస్తే రెండు సెకన్లకి ఒక ఊపిరి. అది ఢోలక్‌తో కలిసి కూర్చుంటుంది, వినేవాడికి పెడల్ ఉందని కూడా తెలియదు, మెహఫిల్ మొత్తం ఊగుతున్నట్టు ఉంటుంది. ఇప్పుడు పాట 150కి ఎక్కింది. ఊపు పాత వేగంలోనే ఉంటే గిటార్ ఒక దారి, ఢోలక్ ఒక దారి. పెళ్లికొచ్చిన పెద్దాయనకి ఏమైందో చెప్పడం రాదు, ఏదో బేసుర్‌గా ఉందని మాత్రం అనిపిస్తుంది. దాద్రా మొదలైతే ఆరు మాత్రలు, లెక్క మళ్లీ మారుతుంది. కాలి కింద వేగం ఉంటేనే ఇవన్నీ సాధ్యం. లేకపోతే కనీసం లయని కాలితో తట్టి చెప్పే ట్యాప్ బటనైనా ఉండాలి. డిజిటల్ డబ్బాల్లో ఇది సాధారణంగా దొరుకుతుంది, చేత్తో కట్టే ఖరీదైన బల్బు పెడల్స్‌లో తక్కువ. మా వాడు చూసుకున్న ముప్పై వేల డబ్బాలో కాలి పెడల్ లేదు, ట్యాప్ లేదు. కావాలంటే కాలి పెడల్‌కి అదనంగా పైసలు కట్టాలట!

స్విచ్ సంగతి కూడా. కోరస్ అని రాసి ఉన్న వైపు సీదా ఆవాజ్, వెనకబడిన ఆవాజ్ రెండూ కలుస్తాయి. వైబ్రాటో వైపు తిప్పితే సీదా ఆవాజ్ పోయి, ఊగేది ఒక్కటే మిగులుతుంది, సుర్ పైకీ కిందకీ తేలుతుంది. పాడేవాడి వెనక దీన్ని వాడొద్దని నా గట్టి రాయ్. హార్మోనియం ఒక సుర్ మీద నిలబడి ఉంటే, పక్కన గిటార్ అదే సుర్ చుట్టూ తూగుతుంటే, పాడేవాడు ఎవరిని పట్టుకోవాలి? నేను వాయించే రోజుల్లో ఒక సీనియర్ గాయకుడు స్టేజీ మీద పాట ఆపకుండానే నా వైపు చూసి చెయ్యి అడ్డంగా ఊపేవాడు. ఊపుడు ఆపు అని. మధ్యలో గిటార్ ఒంటరిగా వాయించే నాలుగు వరసలు దొరికినప్పుడు వైబ్రాటో తిప్పుకోండి, ఎవరూ కాదనరు. ఇంకో గడబిడ కూడా జరుగుతోంది. స్విచ్ మీద కోరస్ అని ఉంది కదా అని, 1976లో బాస్ కంపెనీ సీఈ-1తో మొదలైన కోరస్ పెడల్స్‌తో దీన్ని పోల్చి "ఇది కోరస్‌లా లేదేంటి" అని పెదవి విరుస్తున్నారు. అది వేరే ఇల్మ్, ఆవాజ్‌ని ఆలస్యం చేసి కలిపేది. పేరొకటే. దానికి మియెదాని నిందించి లాభం లేదు.

ఫజ్ ముందా వైబ్ ముందా అనే బహస్‌లోకి నేను పోను. హెండ్రిక్స్ ఫజ్ ముందు పెట్టి వైబ్ తరువాత పెట్టాడు. వలీమాలో ఫజ్ తొక్కితే పెళ్లికూతురి నాన్న స్టేజీ ఎక్కుతాడు. మనకి ఆ మసలా లేదు.

డిజిటల్ వాళ్లని కూడా పూర్తిగా వెనకేసుకు రాను. ఇరవై రకాల ఊపులున్న డబ్బా చేతికొస్తే కుర్రాడు ఇరవై వింటాడు, ఒక్కటీ నేర్చుకోడు. స్క్రీన్ చూస్తూ రియాజ్ చేసేవాడికి వేళ్లు మొద్దుబారతాయి. ఒకే నాబ్ ఉన్న ఫేజర్ వాడే రోజుల్లో వేరే దారి లేక చేత్తోనే ఆవాజ్ మార్చేవాళ్లం. బ్రిడ్జ్ దగ్గర మీటితే ఒకలా, మెడ దగ్గర మీటితే ఇంకోలా ఊపు పలికేది. ఆ తజుర్బా ఏ డబ్బాలోనూ రాదు. బల్బు పెడల్‌కి మరో ఖర్చు ఉంది. లోపల బల్బు ఎంత వెలగాలో సరిచేసే చిన్న స్క్రూ ఉంటుంది. అది కదిలినా, సెల్స్ పాతబడినా ఊపు మారిపోతుంది. మన బస్తీలో టీవీలు, యాంపులు బాగుచేసే భాయ్ దాన్ని తెరవగలడు, కానీ అస్లీ ఊపు ఎలా ఉండాలో చెవికి తెలియకుండా సరిచేయడం కష్టం. పైగా ఆ సెల్స్‌లో కాడ్మియం ఉంటుంది, దాని మీద ఐరోపాలో ఆంక్షలున్నాయి. పాత రకం సెల్స్ దొరకడం తేలికయ్యే రోజులు రావు. ప్రోగ్రాం మీద బతికేవాడు రిపేరుకి బయటి దేశం పంపే సామాను మీద రోజీ పెట్టుకోకూడదు.

ఇక హార్మోనియం. జజ్బాత్‌తో మాట్లాడటం నాకు ఇష్టం లేదు, "దాదా నిషానీ" అని ఏడిస్తే కుర్రాళ్లు వినరు, వినకూడదు కూడా. లెక్కే మాట్లాడదాం. పాత పెట్టె, రెండు సెట్ల రీడ్లు, తిత్తి తోలు ఎండిపోయింది. మార్కెట్లో దానికి వచ్చేది పది, పదకొండు వేలు. అదీ బేరం బాగా కుదిరితే. అంటే పన్నెండుకి పదకొండు కలిపినా ముప్పై కాదు, ఇంకా అప్పు చెయ్యాలి. సూఫీ నైట్ వాయించేవాడు గాయకుడి సుర్ ఎక్కడుందో తెలుసుకోవడానికి ఇంట్లో హార్మోనియం లేకుండా ఏం చేస్తాడు? ఫోన్‌లో యాప్ ఉందన్నాడు. ఉంది. కానీ వాళ్ల పార్టీలో హార్మోనియం వాయించే మామూ రానిరోజు ప్రోగ్రామే రద్దవుతోందని వాడే రెండుసార్లు చెప్పాడు. రెండు వాయించగలిగినవాడికి పార్టీలో ఎప్పుడూ జాగా ఉంటుంది. పెడల్ ఉన్నవాడు హైదరాబాద్‌లో వీధికొకడు దొరుకుతాడు.

వాడితో ఇదంతా చెప్పాను. వెంటనే హాఁ అనలేదు. మొహం ముడుచుకుని, "చాచా, ఒంటరిగా వాయించినప్పుడు ఆ బల్బు ఆవాజ్ ఉంది చూడు..." అన్నాడు. ఉంది బేటా, దాన్ని నేను కాదనడం లేదు. ఒక రోజు సొంత ఆల్బమ్ రికార్డు చేసేటప్పుడు, ఒక్క గిటార్ కోసం గంట స్టూడియో తీసుకున్నప్పుడు, ఆ దోస్త్ పెడలే మళ్లీ అడిగి తెచ్చుకో. కిరాయి ఇచ్చినా ఐదొందలు దాటదు. ప్రోగ్రాములకి మాత్రం కాలి పెడల్ తగిలించుకునే సదుపాయం ఉన్న సెకండ్ హ్యాండ్ డబ్బా, బల్బు ఉన్నా లేకపోయినా పర్వాలేదు, ఆ పన్నెండు వేలలో వస్తుంది. కొనేముందు నీ గిటార్, నీ యాంప్ తీసుకెళ్లు, షాపువాడి యాంప్ మీద ఎప్పుడూ వినకు. ఫోన్‌లో మీ ఢోలక్ రికార్డింగ్ పెట్టి దాని మీద వాయించు. నెమ్మదిగా ఊపు పెట్టి రెండు నిమిషాలు అలాగే వదిలెయ్, లయలోంచి జారుతుందేమో చూడు. పెడల్ ఆన్ చేసినప్పుడు వాల్యూము పడిపోతుందేమో కూడా విను, కొన్నిటికి ఆ రోగం ఉంది, స్టేజీ మీద గిటార్ ఒక్కసారిగా మాయమవుతుంది. ఒక అడాప్టర్ మంచిది కొనడం మరిచిపోవద్దు. హాల్లో లైట్ల కరెంటు మీద చవక అడాప్టర్ గుంయ్ మంటుంది, ఆ గుంయ్ కూడా వైబ్‌లో పడి ఊగుతుంది.

వాడు ఇంకా కొనలేదు. పోయిన జుమ్మా తరువాత ఇంటికొచ్చి హార్మోనియం కిందికి దింపాడు. ట్రెమొలో నాబ్ బిగుసుకుపోయింది, మంద్రంలో రెండు రీడ్లు పలకడం లేదు. నాంపల్లి, చార్మినార్ వైపు పాత పెట్టెలు తెరిచి రీడ్లు సరిచేసే కారీగర్ ఎవరైనా ఉన్నారా? తోలు మార్చేవాడైతే మరీ మంచిది. తెలిసినవాళ్లు చెబితే వాణ్ని పంపుతాను.